కప్పు మనదే, మరి నేల ఎవరిది? మామిడి తోట గుడిసె నుంచి మన పేరున ఇంటి దాకా

(నూజివీడు దగ్గర ఒక గిరిజన కాలనీలో కూడినప్పుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారని కాస్త సర్ది ఇక్కడ పెడుతున్నాం.)



ఇవాళ ఇంటి గురించి మాట్లాడదాం. పది అడుగులు ఒకవైపు, పన్నెండు అడుగులు ఒకవైపు ఉండే ఒక్క గది. దాన్ని మన చేతులతో మనం కట్టుకుని, మనమే కప్పు వేసుకోవడం గురించి. "ఇందులో చెప్పేదేముంది, మాకు రాదా?" అంటారు మీరు. వచ్చు. అందుకే మాట్లాడుతున్నా. మనకు వచ్చిన పనికి లెక్క లేదు, విలువ లేదు, కాగితం లేదు. ఆ మూడూ ఎలా తెచ్చుకోవాలన్నదే ఇవాళ్టి మాట.

నూజివీడు అనగానే లోకానికి చిన్నరసం గుర్తొస్తుంది, పెద్దరసం గుర్తొస్తుంది, బంగినపల్లి గుర్తొస్తుంది. తోటలో కాపలా గుడిసె ఎవరికీ గుర్తు రాదు. పూత వచ్చిన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా తోటలో పడుకునే మనిషి ఒకడు ఉంటేనే కదా ఆ కాయ బుట్టకెక్కేది! కోతుల్ని తోలాలి, చిలకల్ని అదిలించాలి, రాలిన కాయ ఏరాలి, రాత్రి లైటు వేసుకుని గట్టు చుట్టూ తిరగాలి. ఈ పనికి యానాదులు, ఎరుకలవాళ్ళు, ఇంకా నేల లేని ఎన్నో కుటుంబాలు పిల్లాజెల్లాతో వెళ్తాయి. వెళ్ళగానే చేసే మొదటి పని గుడిసె వేసుకోవడం. నాలుగు గుంజలు, ఒక నిట్రాడు, పది వాసాలు, తాటాకు. రెండు రోజుల్లో ఇల్లు లేస్తుంది. కోత అయ్యాక ఒక్క పూటలో దిగిపోతుంది.

ఆ గుడిసెకు మేస్త్రీ మనమే, కూలీ మనమే. తోట మటుకు మనది కాదు. అందుకని ఆ గుడిసె కూడా మనది కాదు. యజమానితో మాట తేడా వస్తే మొదట పోయేది జీతం కాదు, కప్పు. "సామాను తీసుకుని పో" అనే మాట ముందు వస్తుంది. పిల్లలతో రాత్రిపూట ఎక్కడికి పోతాం? ఆ భయం ఉన్నంతకాలం కూలి ఎంతిచ్చినా నోరెత్తం. ముందుగా తీసుకున్న అడ్వాన్సు ఒక కాలికి తాడైతే, గుడిసె రెండో కాలికి తాడు.

ఇది నా ఒక్కడి మాట కాదు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం ఈ సంగతి గుర్తించింది. ఆ చట్టం 8వ సెక్షన్ తీసి చదవండి. వెట్టి నుంచి విడుదలైన మనిషిని, ఆ వెట్టిలో భాగంగా తాను అప్పటిదాకా ఉంటున్న ఇంటి నుంచి ఖాళీ చేయించకూడదని రాసింది. ఖాళీ చేయిస్తే సబ్ డివిజన్ మేజిస్ట్రేటు తిరిగి ఇప్పించాలని కూడా రాసింది. అప్పు రద్దు చేసి ఊరుకుంటే సరిపోదు, నెత్తి మీద కప్పు కూడా పోకుండా చూడాలని ఆ చట్టం రాసినవాళ్ళకు అర్థమైంది. ఇంకొకటి: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జడ్) ప్రకారం మన మనిషిని ఇల్లో ఊరో వదిలి పోయేలా చేయడం నేరం. ఈ రెండు సెక్షన్లు నోటికి వచ్చేలా పిల్లలతో చదివించండి.

అమెరికాలో ఈమధ్య చిన్న ఇళ్ళ మోజు మొదలైంది. టైనీ హౌస్ అంటారు. 400 చదరపు అడుగుల లోపు ఉంటే అది టైనీ హౌస్ అని అక్కడి కట్టడాల నియమావళి లెక్క. పెద్ద ఇల్లు, పెద్ద అప్పు వద్దనుకున్నవాళ్ళు సొంతంగా కట్టుకుంటారు. ఈ మోజుకు వాళ్ళు పెద్దగా తలుచుకునే మనిషి హెన్రీ డేవిడ్ థోరో. 1845లో వాల్డెన్ అనే చెరువు పక్కన 10 అడుగులకు 15 అడుగుల గది తన చేతులతో కట్టుకున్నాడు. ఖర్చంతా పైసాతో సహా రాసిపెట్టాడు: 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. ఖర్చు రాసిపెట్టడం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే. అయితే ఆ చెరువు పక్క స్థలం ఆయనది కాదు, స్నేహితుడు ఎమర్సన్‌ది. రెండేళ్ళు దాటాక ఆయన తన ఇష్టంతో ఊళ్ళోకి తిరిగి వెళ్ళిపోయాడు. పరాయి నేల మీద పది అడుగుల గదిలో మనమూ ఉంటున్నాం. మనల్ని ఎవరూ తత్వవేత్తలు అనలేదు. మనం వెళ్ళేది ఇష్టంతో కాదు, వెళ్ళమన్నప్పుడు.

మన ప్రభుత్వం ఇచ్చే ఇల్లు కూడా ఆ లెక్కన టైనీ హౌసే. 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్ళు పథకంలో పల్లెల్లో ఇచ్చిన స్థలం సెంటున్నర, ఇల్లు 340 చదరపు అడుగులు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. చిన్నది అని దాన్ని తిట్టి పారేయను. చిన్న ఇల్లు తప్పు కాదు. పేరున పట్టా ఉండి, బుద్ధిగా కట్టుకుంటే చిన్న ఇంట్లో కూడా దర్జాగా బతకొచ్చు. ఎలా కట్టుకోవాలో చెప్తా.

ముందు నేల. మనవాళ్ళకు ఇచ్చే జాగా తరచుగా చెరువు పక్కనో, కాలవ గట్టు మీదో, పల్లంలోనో ఉంటుంది. పట్టా తీసుకునే ముందే వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో పక్క పొలం రైతును అడగండి. చెట్టు మొదలు మీద, గోడల మీద నీటి మరకలు చూడండి. పునాది అరుగు ఆ మరక కంటే పైకి, ఎంత మెట్టలోనైనా అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తు ఉండాలి.

కొలతలు పెట్టేటప్పుడు లోపల పది, పన్నెండు వదిలి అడుగు మందం గోడ అనుకుంటే బయట కొలత పన్నెండు, పద్నాలుగు. నాలుగు మూలలా మేకులు కొట్టి, ఎదురెదురు మూలలకు తాడు పట్టండి. రెండు తాళ్ళూ ఒకే పొడుగు రావాలి: 18 అడుగుల 5 అంగుళాలు. రాకపోతే మూలమట్టం తప్పింది. ఇక్కడ అంగుళం తప్పితే కప్పు దగ్గర జానెడు తప్పుతుంది.

గోడకు మన ఎర్రమట్టి మంచిదే. పనికొస్తుందో లేదో ఒక గాజు సీసాతో తేల్చుకోవచ్చు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి ఒక రోజు కదలకుండా పెట్టండి. ఇసక అడుగున, ఒండ్రు నడుమ, బంకమన్ను పైన పొరలుగా తేరుకుంటుంది. బంక మరీ ఎక్కువైతే గోడ ఎండాక బీటలిస్తుంది, ఇసక కలపాలి. మరీ తక్కువైతే వానకు కరిగిపోతుంది. తరిగిన వరిగడ్డి వేసి అడుసు బాగా తొక్కి, అడుగున్నర ఎత్తుకు ఒక వరస పెట్టి, అది గట్టిపడ్డాకే రెండో వరస. తొందరపడితే గోడ పొట్ట వేస్తుంది. ఎండాకాలం ఉండగానే గోడ ముగించాలి.

ఇటుక పెట్టే స్తోమత ఉంటే, కేరళలో లారీ బేకర్ విస్తారంగా వాడిన పద్ధతి ఒకటుంది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదులుతూ కడతారు. ఎలుకబోను కట్టుడు అంటారు. ఇటుక నాలుగో వంతు దాకా మిగులుతుంది. నడుమ గాలి ఉంటుంది కాబట్టి ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. ఇంగ్లండులో పుట్టి ఇక్కడే స్థిరపడిన ఆ మనిషి జీవితమంతా చెప్పింది ఒకటే: ఆ ఊరి మట్టి, ఆ ఊరి చేతులు, ఆ ఊరి వాతావరణం చూసి కట్టండని.

ఇక కప్పు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే ఇల్లు పోయేది ఎప్పుడూ ఇక్కడి నుంచే.

తాటాకు కప్పుకు వాలు నిటారుగా ఉండాలి. లెక్క సులువు: సగం వెడల్పు ఎంతో నడికొప్పు అంత ఎత్తు. మన గది బయట వెడల్పు పన్నెండు కాబట్టి సగం ఆరు. గోడ మీద నుంచి నడికొప్పు ఆరడుగులు లేవాలి. అప్పుడు వాసం గోడ దాకా ఎనిమిదిన్నర, చూరుకు ఒకటిన్నర, మొత్తం పది అడుగులు. రెండు వాలులు వేసినా, నాలుగు వాలులు వేసినా కప్పు వైశాల్యం సుమారు 320 చదరపు అడుగులు. అంటే 120 అడుగుల గదికి 320 అడుగుల ఆకు కావాలి. ఈ లెక్క తెలియకే సగం పనిలో ఆకు అయిపోయి, అప్పు చేసి మళ్ళీ తెస్తాం. వాలు తగ్గిస్తే ఆకు మిగులుతుందని కొందరు తగ్గిస్తారు. మిగలదు. నీళ్ళు జారక ఆకు కుళ్ళి, ఏడాది తిరక్కుండానే మళ్ళీ కప్పాలి.

ఆకు ఎండలో ఆరబెట్టి, బరువు పెట్టి చదును చేసి, చూరు నుంచి కొప్పు వైపు వరస మీద వరస ఎక్కించాలి. నిట్రాడు గుంటలో పాతితే చెదలు పడుతుంది. రాతి మీద నిలబెట్టండి. పొయ్యి కప్పు కింద పెట్టొద్దు. వేసవిలో ఒక ఇంటి నిప్పురవ్వ వరస మొత్తాన్ని తినేస్తుంది. పెరట్లో గాలి వాటం చూసి వేరే చిన్న పంచ వేసుకోండి.

గాలి సంగతి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మన పాత కృష్ణా జిల్లాదే. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత పెద్ద తుపాను అక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల్లో కాయ రాల్చే ఈదురుగాలి చాలు. గాలి కప్పును కిందికి తొక్కదు, పైకి లాగుతుంది. అందుకే బరువు పెడితే ఆగుతుందనుకుని రేకు మీద రాళ్ళు పెట్టడం ప్రమాదం. ఆ రాయి ఎగిరొచ్చి పిల్లల మీద పడుతుంది. చెయ్యాల్సింది కట్టడం. గోడ కట్టేటప్పుడే పైనుంచి రెండు మూడడుగుల లోతున రాయికి చుట్టి లావు ఇనప తీగ గోడలో పెట్టి, కొసలు పైకి వదలండి. వాటితో దూలాన్ని, దూలంతో వాసాల్ని బిగించండి. వాసాల అడుగున ఏటవాలుగా వెదురు కట్టండి. చూరు అడుగున్నర దాటనీయకండి. దాటితే గాలికి గొడుగు పట్టినట్టే. నాలుగు వాలుల కప్పు రెండు వాలుల కప్పు కంటే గాలికి బాగా నిలుస్తుంది. కోస్తాలో మన పెద్దలు కట్టిన చుట్టిల్లు చూడండి, గాలి ఎటు నుంచి వచ్చినా గోడను చుట్టుకుని పక్కకు పోతుంది. చదువురాని వాళ్ళు కట్టారని దాన్ని పాత సరుకు అనకండి.

తాటాకు చల్లగా ఉంటుంది. నిజమే. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, నిప్పుకు భయం, పాములూ తేళ్ళూ చేరతాయి. మన ఆడవాళ్ళు రేకులు కావాలంటే ఊరికే అనడం లేదు. ఏటా ఆకు మోసిన నడుములు అవి. చల్లదనం పేరు చెప్పి మనల్ని గుడిసెలోనే ఉండమనే హక్కు ఎవరికీ లేదు.

సిమెంటు రేకులు చౌక. అవి చాలావరకు ఆస్బెస్టాస్ రేకులు. 60కి పైగా దేశాలు ఆస్బెస్టాస్‌ను నిషేధించాయి, దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ తెస్తుంది. మన దేశంలో ఇంకా అమ్ముతున్నారు. ఇప్పటికే వేసుకున్నవాళ్ళు వాటిని కొయ్యకండి, మిషనుతో చిల్లులు పొడవకండి, పొడిగా చిమ్మకండి. పగిలినవి నీళ్ళతో తడిపి, గుడ్డ అడ్డం కట్టుకుని తియ్యండి. ముక్కలు పిల్లలకు ఆటకు ఇవ్వకండి. ఇనప రేకులైతే ఆరడుగులకు మూడడుగుల వాలు పెట్టి, రబ్బరు వాషరున్న మరలు రేకు గట్టు మీద కొట్టండి, పల్లంలో కాదు. చూరు వెంట, కొప్పు వెంట దగ్గర దగ్గరగా కొట్టండి. కింద వెదురు తడక కట్టి మట్టి మెత్తితే వేడి దిగదు.

బంగళా పెంకు అన్నిటికన్నా నాకు నచ్చినది. ఆరడుగులకు మూడున్నర ఎత్తు చాలు. ఒకటి పగిలితే ఒకటే మారుస్తాం, మనమే ఎక్కి మారుస్తాం. స్లాబు గట్టిది, కాదనను. కాకపోతే స్లాబు సొంత చేతులతో అయ్యే పని కాదు. సెంట్రింగు, ఇనుము, కంకర, అన్నీ డబ్బు పెట్టి తేవాలి. అందుకే మన ఇళ్ళు గోడల దాకా లేచి కప్పు దగ్గర ఆగిపోతాయి. ఇంట్లో మనుషులు కాకుండా పిచ్చిచెట్లు మొలుస్తాయి. అలాంటి గోడలు మీరూ చూసే ఉంటారు.

డబ్బు దగ్గరికి వద్దాం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ 2016 నవంబరులో మొదలైంది. దాని మార్గదర్శకాల్లో మూడు మాటలు గోడ మీద రాసుకోవాలి. ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరును పెట్టకూడదు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, వంట జాగాతో కలిపి. మామూలు మరమ్మతులతో 30 ఏళ్ళు నిలవాలి. స్థానికంగా దొరికే సరుకు వాడొచ్చని, లబ్ధిదారు నమూనా ఎంచుకోవచ్చని కూడా ఉంది. అంటే సొంత చేతులతో కట్టుకుంటామని మనం అడగడం కొత్త కోరిక కాదు, అది వాళ్ళ రూలే. మరి కాలనీకో మనిషి వచ్చి "బిల్లు నాకు రాసివ్వండి, తాళం చెవి మీకిస్తా" అంటే ఎందుకు ఒప్పుకుంటున్నాం?

25 మీటర్లంటే 269 చదరపు అడుగులు. మన పది, పన్నెండు గదులు రెండు, వంటకు ఆరుకు అయిదు పంచ: 270 అయింది. ముందు ఒక గది కప్పుతో సహా ముగించి అందులో దిగి, రెండోది నిదానంగా కట్టుకోవడం మనకు తేలిక. బిల్లులు మాత్రం అలా పడవు. పునాది మట్టం, కప్పు మట్టం, కప్పు వేశాక అని మెట్టు మెట్టుగా పడతాయి. చేతిలో పైస లేని మనిషి మొదటి మెట్టు దాకా ఎలా వెళ్తాడు? మన రాష్ట్రంలో 2020లో మొదలైన ఆ పథకం ఇళ్ళకు పెట్టిన యూనిట్ ధర 1 లక్షా 80 వేలు. ఆగిపోయిన ఇళ్ళకు ఎస్టీలకు అదనంగా 75 వేలు ఇస్తామని 2025 మార్చిలో ప్రభుత్వం ప్రకటించింది. మీ పేరుకు అది మంజూరైందో లేదో సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట వినకండి.

ఇంకో చిక్కు ఉంది. సర్వేకి మనిషి వచ్చేసరికి మనం తోటలో ఉంటాం. కాలనీలో తలుపుకు తడక కట్టి ఉంటుంది. ఇల్లు ఖాళీ అని రాసుకుపోతారు. తోటకు పోయే ప్రతి కుటుంబం పేరు, తోట ఎక్కడో, ఎప్పుడు తిరిగొస్తారో కాలనీలో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. చదువుకునే పిల్లలకు ఆ పని అప్పగించండి. సర్వే రోజున ఆ పుస్తకం చూపించండి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడును కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి కలిపారు. అదే జిల్లాలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాలు చేరాయి. అక్కడ గిరిజనుడి భూమికి 1/70 చట్టం కాపలా. ఇక్కడ మైదానంలో మనకు ఆ కాపలా లేదు. ఇక్కడ మనకున్న కాపలా ఒక్కటే: చేతిలో కాగితం, పక్కన సంఘం. ఎరుకలవాళ్ళను నేరస్తులని ముద్ర వేసి స్టూవర్టుపురంలో కూర్చోబెట్టినప్పుడు వాళ్ళెక్కడ ఉండాలో సర్కారు తేల్చింది. తోటలో మనమెక్కడ ఉండాలో షావుకారు తేలుస్తున్నాడు. ఇక మనం తేల్చుకోవాలి.

అందుకని సంఘం తరఫున అడుగుతున్నవి ఇవి.

ఒకటి. తోట కాపలా కుటుంబాలన్నిటికీ కోత లేని రోజుల్లో ప్రత్యేక సర్వే చేసి, ముంపు లేని చోట, ఆడమనిషి పేరున ఇంటి పట్టా ఇవ్వాలి.

రెండు. పునాది వెయ్యకముందే మొదటి విడత డబ్బు ఖాతాలో పడాలి.

మూడు. కాంట్రాక్టరు లేకుండా కట్టుకునే కుటుంబానికి పెంకు కప్పు, మట్టి గోడ నమూనాలకు కూడా బిల్లు పాస్ చెయ్యాలి. మన కుర్రాళ్ళకు మేస్త్రీ పని శిక్షణ, ఆ రోజులకు కూలి ఇవ్వాలి.

నాలుగు. తోటలో ఉండే నెలల్లో గుడిసె, తాగునీరు, దీపం యజమాని బాధ్యత. కూలి తగాదాలో గుడిసె మీద చెయ్యి వేస్తే కేసు పెట్టాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమని నేను చెప్పను. పట్టా ఉండి ఇల్లు ఆగిపోయిన కుటుంబాలు ఈ కాలనీలోనే ఉన్నాయి. ఒక్కో ఇంటికి పది మంది చొప్పున చెయ్యేస్తే కప్పు ఎన్నాళ్ళ పని? తోటలో షావుకారు కోసం రెండు రోజుల్లో గుడిసె లేపే చేతులు ఇవి. వచ్చే కోత అయ్యాక, వానలు దిగేలోపు, ముందు ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళ నుంచి మొదలుపెడదాం. ఎవరి దగ్గర వెదురుందో, ఎవరి దగ్గర పాత పెంకుందో, ఎవరు తూకం గుండు పట్టగలరో ఈ వారంలో పేర్లు ఇవ్వండి. ఖర్చు పైసాతో సహా రాసిపెడదాం. రేపు ఆఫీసులో బల్ల మీద పెట్టడానికి అది కావాలి.

మన చేతి కప్పు మన పేరున్న నేల మీదే లేవాలి.

జోహార్. జై ఆదివాసీ.